నేను వేయని రెండో డబ్బా

2019లో నేను పని మానేసిన రోజు, షార్జా మల్టీప్లెక్సులో నాతో పనిచేసేవాళ్లు నాచేత కేకు కోయించి, "అంకుల్, మీ అనుభవాలు రాసి పెట్టండి, మాకు పనికొస్తాయి" అన్నారు. పనికొస్తాయని నాకు పెద్దగా నమ్మకం లేదు. మీ సినిమా అరచేతిలో పట్టే పెట్టెలో వస్తుంది. మీట నొక్కితే మొదలవుతుంది, దానంతటదే అయిపోతుంది. మీ కార్డు మీద టెక్నీషియన్ అని ఉంటుంది. మా కాలంలో మమ్మల్ని ఆపరేటర్ అనేవారు. అయినా అడిగారు కాబట్టి రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, నాకు శాలువా ఎవరు కప్పారు లాంటివి ఇందులో ఉండవు. నిజానికి కప్పినవాళ్లూ లేరు. ఒక పాత దెయ్యం సినిమా గురించి, దాని దగ్గర నేను చేసిన తప్పు గురించి చెబుతాను.

మూలనున్న చుక్క

తెనాలిలో పద్దెనిమిదేళ్లు, రువైస్‌లో ఒక కంపెనీ క్లబ్బులో కొన్నేళ్లు, ఆ తరవాత షార్జాలో. ఇంతకాలం సినిమాల మధ్యే బతికినా నేను తీరిగ్గా చూసిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆపరేటర్ సినిమా చూడడు. తెర మీద కుడివైపు పై మూల చూస్తాడు. రీలు అయిపోవస్తుండగా అక్కడ ఒక చుక్క కనబడుతుంది. అప్పుడు రెండో మిషను మోటారు తిప్పాలి. కొన్ని సెకన్లకు ఇంకో చుక్క వస్తుంది. అప్పుడు ఈ మిషను మూసి ఆ మిషను తెరవాలి. హాల్లో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే ఈలలు, ఆ తరవాత మన ఇంట్లోవాళ్ల మీద మాటలు. తెర మీద తల్లీకొడుకులు కౌగిలించుకుని ఏడుస్తున్నా నా కళ్లు మాత్రం ఆ మూల మీదే ఉండేవి.

నాకు పని నేర్పింది తెనాలి హాల్లో సీనియర్ ఆపరేటర్ మస్తాన్ గారు. మహా కోపిష్టి. తెగిన ఫిల్ముకు జాయింటు వంకరగా వేస్తే నెత్తిమీద మొట్టికాయ వేసేవారు. ప్రతి రీలునూ బల్ల మీద తిప్పుతూ, ఫిల్మును రెండు వేళ్ల మధ్య పోనిచ్చి, ఎక్కడ చిరిగిందో, ఎక్కడ అతుకు ఊడిందో చేత్తోనే కనిపెట్టేవారు. అనుమానం వస్తే భూతద్దం పెట్టి చూసేవారు. "వేసేదైనా వెయ్యందైనా, మూత తీసి చూడకుండా రీలు డబ్బా పక్కన పెట్టమాకరా సత్యం" అని రోజూ అనేవారు. వేయని డబ్బాను చూడడం ఎందుకని నేను లోపల విసుక్కునేవాణ్ని. ఎందుకో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఐదుంబావు బస్సు

రువైస్ అంటే అబుదాబి నుంచి ఎడారి రోడ్డు మీద రెండున్నర గంటల దూరం. ఒకవైపు సముద్రం, ఒకవైపు రిఫైనరీ మంటలు, మధ్యలో కంపెనీల ఇళ్లు. మా క్లబ్బులో మూడువందల కుర్చీల హాలు, రెండు పాత ముప్పై అయిదు ఎంఎం మిషన్లు ఉండేవి. వారమంతా ఆఫీసరు కుటుంబాలకు ఆటలు, పార్టీలు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం చుట్టుపక్కల క్యాంపుల్లోని కార్మికుల కోసం సినిమా వేసేవాళ్లం. ఎక్కువగా హిందీ సినిమాలే. ఆంధ్రావాళ్లకీ, తెలంగాణావాళ్లకీ, పఠాన్లకీ, బెంగాలీలకీ అందరికీ ఎంతోకొంత వచ్చిన భాష అదే.

ఆట మూడింటికి మొదలయ్యేది. మధ్యలో అసర్ నమాజుకు, టీకి కలిపి ఇంటర్వెల్. క్యాంపు బస్సులు సరిగ్గా ఐదుంబావుకు కదిలేవి. అవే బస్సులు ఆరింటికి ప్లాంటులో షిఫ్టు మారేవాళ్లను తీసుకెళ్లాలి. బస్సు తప్పితే ఆ ఎండలో ఎనిమిది కిలోమీటర్లు నడక, పైగా క్యాంపులో సంజాయిషీ. అందుకని ఐదుంబావు దగ్గర పడితే హాల్లో క్లైమాక్సు నడుస్తున్నా జనం లేచిపోయేవాళ్లు.

మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు మనిషి. చెడ్డవాడు కాదు. పండక్కి అందరికీ తన ఇంటినుంచి మిఠాయి తెప్పించేవాడు. కానీ సినిమా అంటే ఆయన దృష్టిలో జనాన్ని రెండు గంటలు గొడవ లేకుండా కూర్చోబెట్టే పద్ధతి, అంతకుమించి ఏమీ కాదు. "పాంచ్ పందరా, ఖలాస్" అనేవాడు. ఐదుంబావుకల్లా అయిపోవాలి, ఎలా ఖలాస్ చేస్తావన్నది మన ఇష్టం.

దానికి మేం కనిపెట్టిన మార్గమే డబ్బా లేపడం. పాత సినిమా అంటే ఏడెనిమిది డబ్బాల్లో వస్తుంది, ఒక్కో డబ్బా ఇరవై నిమిషాలకు కాస్త తక్కువ. నిడివి ఎక్కువైతే ఒక డబ్బా వేయకుండా దాటేస్తాం. చాలాసార్లు రెండోదే దాటేసేవాణ్ని. మొదటిది లేకపోతే మనుషులెవరో తెలియదు, చివరివి లేకపోతే కొట్టడానికొస్తారు. రెండో దాంట్లో అయితే కమెడియను, పరిచయాలు, తిండి, ఊసుపోని కబుర్లు. ఒకసారి ఇలాగే లేపేస్తే ఆ డబ్బాలో హీరోకు పెళ్లయిపోయిందట. మూడో డబ్బాలో పిల్లాణ్ని ఎత్తుకుని వచ్చేసరికి హాలంతా ఆ పిల్లాడెవరని అరుపులు. అది తలచుకుని మేం నెల రోజులు నవ్వుకున్నాం.

ఈ విద్యలో నాకు గర్వం కూడా ఉండేది. ఎక్కడ లేపాడో తెలియకుండా లేపుతాడని నాకు పేరు. ఎవడో కష్టపడి తీసినదాన్ని, ఎవడో ఆశపడి వచ్చినవాడికి అందకుండా చేస్తున్నానని అప్పట్లో అనిపించలేదు.

గంగారాం అడిగింది

2009 చివర్లో, చలి మొదలయ్యాక, ఒక శుక్రవారం ఆట అయ్యాక క్యాబిన్ తలుపు దగ్గర ఒకతను నిలబడ్డాడు. ముప్పై మూడు ముప్పై నాలుగేళ్లుంటాయి. పేరు గంగారాం, కోరుట్ల దగ్గర పల్లెటూరు. ఒక కాంట్రాక్టు కంపెనీలో పరంజాలు కట్టే పని.

"సార్, పాత పిక్చర్ ఒకటి దొరుకుతదా? రైలుది. దయ్యం పిక్చర్" అన్నాడు. హిందీ పేరొకటి చెప్పాడు. నేను తెనాలిలో పనిలో చేరినప్పటి సినిమా, వచ్చినట్టే వచ్చి పోయింది.

"అదెందుకయ్యా, కొత్తవి బోలెడున్నాయిగా?"

"మా బాపు ఉన్నడు సార్ అండ్ల."

ఇలాంటివి ఆపరేటర్లకు మామూలే. మా మామ ఫలానా పాటలో హీరో వెనకాల ఉన్నాడనీ, మా బాబాయి గుర్రం తోలాడనీ చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. నేను నవ్వుతూనే, "ఏం వేషం, హీరోనా, విలనా?" అన్నాను.

"శవం సార్" అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. కూర్చోమన్నాను. కూర్చోకుండానే చెప్పాడు. తండ్రి నర్సయ్య బొంబాయి వెళ్లేటప్పటికి గంగారాంకు నాలుగేళ్లు. అక్కడ సినిమాలకు సెట్లు వేసేచోట చెక్కపనికి కుదిరాడు. ఒకసారి ఉత్తరం రాయించాడు, రెండు రోజులు రైల్లో కూర్చోబెట్టి, అన్నం పెట్టి ఫోటోలు తీశారని, దెయ్యం సినిమా అని. అదే ఆఖరి ఉత్తరం. ఆ తరవాత మనిషీ రాలేదు, కబురూ రాలేదు. వెంట వెళ్లిన చిన్నాన్న చాలాకాలం వెతికి, ఒక్కడే ఊరికి తిరిగొచ్చాడు. సినిమా పేరు చెప్పింది ఆయనే. నర్సయ్యను చచ్చిపోయినవాళ్లలో పడుకోబెట్టారని చెప్పింది కూడా ఆయనే.

"ఒక్క ఫోటో గూడ లేదు సార్. పెండ్లిల గూడ తియ్యలే. బాపు మొకం నాకు యాదికి లేదు. అవ్వ చెప్తది, నువ్వు అచ్చం గట్లనే ఉంటవని. కట్టెలు కొట్టంగ చెక్క ఎగిరి తాకి ఎడమ కనుబొమ్మల గాటు పడ్డదట. అది సూసి గుర్తువట్టు అన్నది."

వాళ్లవైపు తల్లిని అవ్వ అంటారు. ఆమె ఇంకా ఉంది. భర్త ఏమయ్యాడో తెలియదు కాబట్టి రోజూ బొట్టు పెట్టుకుంటూనే ఉంది. కోరుట్లలోనూ, దుబాయ్‌లోని డేరా బజార్లలోనూ సీడీల కొట్లన్నీ తిరిగాడట గంగారాం. ఆ సినిమా ఎక్కడా లేదు. తండ్రి ముఖం ఒక్కసారి చూడాలి. అతని కోరిక అంతే.

ఎర్రబడిన ప్రింటు

డేరాలో పాత ప్రింట్లు అద్దెకిచ్చే ఆఫీసులో కుట్టి అని ఒక మలయాళీ గుమాస్తా ఉండేవాడు. అతనికి నేను ఫోన్లమీద ఫోన్లు చేస్తే, గోడౌనులో వెతికి, "ఉంది. కానీ హక్కులు ఎప్పుడో అయిపోయాయి, చెత్తలో పారేయాల్సిన సరుకు. వారంలో తిరిగి పంపించు" అన్నాడు. ముదీర్‌ను ఒప్పించడానికి దెయ్యం సినిమా అంటే హాలు నిండుతుందని చెప్పాను. అది అబద్ధం కాదు.

ప్రింటు గురువారం రావాల్సింది. లారీ ఆలస్యమై శుక్రవారం పదకొండింటికి దిగింది. ఏడు డబ్బాలు. విప్పి చూస్తే రంగులన్నీ పోయి ఫిల్ము మొత్తం ఎర్రగా మారిపోయి ఉంది. పాత రంగుల ప్రింట్లకు వయసు మీదపడితే నీలం, పచ్చ ముందు పోతాయి. అతుకులు ఎక్కడికక్కడ ఊడిపోతున్నాయి. నిడివి లెక్క వేశాను. ఇంటర్వెల్‌తో కలిపి ఐదు ఇరవై అయిదు అవుతుంది. అంటే బస్సుకు పది నిమిషాలు ఎక్కువ.

ఆ పది నిమిషాల దగ్గర నేను ఏం ఆలోచించానో ఇప్పటికీ మాటమాటా గుర్తుంది. నర్సయ్య శవం. శవాలు ఆరో డబ్బాలో ఉంటాయి. ఆరోది వేస్తున్నాను. కాబట్టి రెండోది లేపినా అతనికి నష్టం లేదు. ఉన్న నాలుగు గంటల్లో ఆరు డబ్బాలు బల్ల మీద తిప్పి అతుకులు వేసుకున్నాను. రెండో డబ్బా మూత కూడా తీయకుండా బల్ల కిందకు తోశాను.

రైల్లో శవమైనవాడు ముందు ఆ రైలు ఎక్కి ఉంటాడు కదా. ఎక్కి ఎక్కడో కూర్చుని ఉంటాడు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. సినిమాను కథగా చూసే మామూలు మనిషికైతే వెంటనే తట్టేది. నేను డబ్బాలుగా చూశాను.

ఆ శుక్రవారం

సినిమా పెద్ద గొప్పదేం కాదు. రాత్రి వెళ్లే ప్యాసింజరు బండి, అడవి దారి, ఎన్నో సొరంగాలు. ఎప్పుడో పట్టాల మీద పడి చచ్చిపోయిన టికెట్ కలెక్టరు లాంతరు పట్టుకుని బోగీలోకి వస్తాడు. ఎవరి టికెట్టుకు చిల్లు కొడితే వాళ్లు తరవాతి సొరంగం దాటేసరికి ఉండరు. ఆ చిల్లు కొట్టే చప్పుడు మాత్రం బాగా పెట్టారు. టక్ మన్నప్పుడల్లా హాల్లో ఈలలు. పరంజాల మీద పది అంతస్తుల ఎత్తున నిలబడి పనిచేసే మగాళ్లు, చీకట్లో ఒకరినొకరు పట్టుకుని కేకలు పెట్టుకున్నారు. ఎవరికీ డబ్బా లేపినట్టు తెలియలేదు.

ఆరో డబ్బాలో హీరో లాంతరు పట్టుకుని చివరి బోగీలోకి వెళతాడు. ఒక్కో బెర్తు మీద ఒక్కో శవం. లాంతరు వెలుగు ఒక్కో ముఖం మీద ఆగి ముందుకు పోతుంది. ఆ రోజు మొట్టమొదటిసారి నేను మూల చుక్క వదిలేసి తెర చూశాను. మూడో ముఖానికి ఎడమ కనుబొమ్మలో గాటు ఉంది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి, ముఖానికి ఏదో తెల్లటి పిండి పూశారు. నాలుగైదు సెకన్లు ఉండి వెళ్లిపోయింది. హాల్లో ఎక్కడో ఎవరో ఈల వేశారు.

ఆట అయ్యాక గంగారాం క్యాబిన్‌కు వచ్చాడు. కింద బస్సు హారన్ కొడుతోంది.

"సూసిన సార్" అన్నాడు.

"పోలికలు ఉన్నాయయ్యా, నీవే" అన్నాను.

అతను మిషను వంక చూస్తూ నిలబడ్డాడు. తరవాత, "ఇంకేడన్న ఉన్నడా సార్ అండ్ల? మంచిగున్నప్పుడు?" అని అడిగాడు.

"లేడు" అన్నాను.

తడుముకోకుండా అన్నాను. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్నవాడి ధీమాతో అన్నాను. రెండో డబ్బా నా కాళ్ల దగ్గరే, మూత బిగించి ఉంది.

"సరే సార్. వచ్చే శుక్రారం మల్ల వస్త" అని మెట్లు దిగి పరుగెత్తాడు.

శనివారం పొద్దున

ప్రింటు తిరిగి పంపే ముందు ఏడు డబ్బాలూ తిప్పి సర్దాలి. శనివారం పొద్దున రెండోది విప్పాను. బల్ల మీద తిప్పుతుంటే రైలు బోగీ, కిటికీలు, మూటలు విప్పుకుని తింటున్న జనం కనిపించారు. కిటికీ పక్కన ఒకడున్నాడు. చెయ్యి ఆపి భూతద్దం పెట్టాను. కనుబొమ్మలో గాటు.

ఆ డబ్బాను మిషను మీద ఎక్కించి ఖాళీ హాల్లో వేసుకున్నాను. నర్సయ్య గుడ్డ మూట విప్పి రొట్టె తుంచి, పక్కనున్న ముసలాయనకు ఇస్తాడు. కమెడియను ఏదో అంటాడు. బోగీలో అందరూ నవ్వినట్టు నటిస్తారు. నర్సయ్య మాత్రం నిజంగానే నవ్వుతాడు. నవ్వుతూ, చూడకూడదన్న సంగతి మరిచిపోయి, ఒక్క క్షణం సూటిగా కెమెరా వైపు చూస్తాడు. అలవాటు లేని మనుషులు చేసే పొరపాటు అది. మొత్తం కలిపి ఇరవై సెకన్లు.

మిషను ఆపాను. సిగ్గుతో చచ్చిపోయాను అంటే అది మాటవరసకు అన్నది కాదు.

అయినా ఇంకా చేజారిపోలేదనుకున్నాను. కుట్టిని బతిమాలి ఇంకో వారం ప్రింటు ఉంచుకున్నాను. వచ్చే శుక్రవారం ఇంటర్వెల్‌లో అతన్ని పైకి పిలిచి, ఈ ఇరవై సెకన్లు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వేద్దామనుకున్నాను. శుక్రవారం వచ్చింది, గంగారాం రాలేదు. అతని క్యాంపువాళ్లను అడిగాను. ఆ ఏడాది ఎక్కడ చూసినా పనులు ఆగిపోతున్నాయి. బుధవారం నాడు నలభై మందికి వీసాలు క్యాన్సిల్ చేసి బస్సెక్కించారట. అందులో గంగారాం ఒకడు. అతని ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు.

ప్రింటు కట్టి పంపే ముందు ఆపరేటర్ చేయకూడని పని చేశాను. ఆ ముక్కను రెండువైపులా కత్తిరించి, మిగతాది అతికించాను. ముప్పై అడుగుల ఫిల్ము. చుట్ట చుట్టి ఖర్జూరాల డబ్బాలో పెట్టుకున్నాను. ప్రింటు మిగతా భాగాన్ని కొన్నాళ్లకు పారేశారని కుట్టి చెప్పాడు.

మిషన్లు మారాక

క్లబ్బు హాలును తరవాత జిమ్ చేశారు. నేను షార్జా వచ్చి, అల్ నహ్దాలో నలుగురితో కలిసి ఒక ఫ్లాటులో దిగి, మల్టీప్లెక్సులో చేరాను. అక్కడా మొదట రీళ్లే. రెండు మూడేళ్లలో డిజిటల్ వచ్చేసింది. చుక్క పోయింది, జాయింటు పోయింది. నేను పెట్టెల ఉష్ణోగ్రత చూసే ఉద్యోగినయ్యాను. దీని గురించి ఏడ్చే పాత ఆపరేటర్లు చాలామంది ఉన్నారు. నేను ఏడవలేదు. డబ్బా లేపే అధికారం నా చేతిలోంచి పోయినందుకు ఒక రకంగా ప్రాణం హాయిగా ఉండేది.

ఆ సినిమా కోసం ఇంటర్నెట్టులో వెతికాను. ఎవరో టీవీలోంచి పట్టిన అరిగిపోయిన కాపీ ఒకటి ఉంది. గంటంబావే ఉంది. దెయ్యం వచ్చే సీన్లన్నీ ఉన్నాయి. రొట్టె తినే సీను లేదు. అక్కడ కూడా ఎవరో నాలాగే లెక్క వేసినట్టున్నారు.

డేరాలో

2018లో, శుక్రవారం సాయంకాలం, డేరాలో అబ్రా పడవలు ఆగే రేవు దగ్గర టీ తాగుతుంటే ఎవరో "సార్" అన్నారు. జుట్టు సగం నెరిసింది. గాటు లేదన్న మాటే గానీ ఫిల్ములో ఉన్న అదే ముఖం. గంగారాం.

మళ్లీ దుబాయ్ వచ్చి ఏడాదైందట, సోనాపూర్ క్యాంపులో ఉంటున్నాడట. అతనికి కూడా టీ చెప్పాను. రెండో డబ్బా సంగతి చెప్పాలని నోరు తెరిచేలోపు అతనే మొదలుపెట్టాడు.

"గా పిక్చర్ సూపెట్టి మంచి పని చేసినవ్ సార్. ఇంటికి పొయ్యినంక బాపు దినం చేసినం."

నాకు అర్థం కాలేదు. "కబురేమైనా తెలిసిందా?"

"కబురేం లేదు. నేనే చేసిన. అయ్యగారిని అడిగితే ఇన్నేండ్లు జాడలేనోళ్లకు దర్భలతోని బొమ్మ చేసి కాలవెడ్తరు, చెయ్యొచ్చు అన్నడు. అవ్వ గాజులు తీసింది, బొట్టు తీసింది. రెండు రోజులు అన్నం తినలే. తర్వాత మంచిగనే ఉన్నది. దర్వాజ దిక్కు సూసుడు బందైంది."

"అది సినిమా గదయ్యా, గంగారాం."

"సినిమా అని నాకెర్కలేదా సార్. పిండి పూసిన్రని గూడ ఎర్కనే. కని ఒక్కపారి అట్ల పండుకున్నది సూసినంక, ఇగ వస్తడు అనే మాట నాతోని కాలే. వేరే తీరుగ ఒక్కసారన్న కనవడితే ఏమో. నువ్వే అంటివి గద, ఇంకేడ లేడని."

ఆ మాట నిష్ఠూరంగా అన్నది కాదు. నా మీద అతనికి ఉన్న గౌరవంతోనే అన్నాడు. ఆ రోజు చెప్పలేకపోయాను. నంబరు తీసుకుని ఇంటికి వచ్చాను.

రెండు వారాలు నాలో నేనే కొట్టుమిట్టాడాను. చెబితే అతను చేసిన కర్మంతా నా బద్ధకం మీద నిలబడిందని తెలుస్తుంది. చెప్పకపోతే తండ్రి ముఖం, అతనికి చెందాల్సింది, నా ఖర్జూరాల డబ్బాలో ఉండిపోతుంది. చివరికి ఫోన్ చేసి అల్ నహ్దాకు రమ్మన్నాను.

కిటికీ వెలుగులో

మధ్యాహ్నం వచ్చాడు. ఫ్లాటులో మిగతావాళ్లు బయటికి వెళ్లారు. జరిగింది దాచకుండా చెప్పాను, డబ్బా మూత తీయలేదనీ, చూడకుండానే లేడన్నాననీ. ఖర్జూరాల డబ్బా చేతికిస్తే తీసుకున్నాడు.

నా దగ్గర మిషను లేదు. కిటికీకి ఎదురుగా ఫిల్ము పట్టుకుని భూతద్దం ఇచ్చాను. ఒక్కో బొమ్మా గోరంత ఉంటుంది. అలాంటివి దాదాపు అయిదువందలు. అతను ఒక్కొక్కటే చూసుకుంటూ జరిపాడు. చాలాసేపు పట్టింది. కెమెరా వైపు చూసిన చోట ఆగిపోయాడు.

"నాకంటె చిన్నోడు సార్" అన్నాడు.

ఫిల్మును కాస్త వెనక్కి జరిపి, "ఏం ఇస్తున్నడు ముసలాయినెకు?" అని అడిగాడు.

"రొట్టె."

"జొన్నరొట్టె అయ్యుంటది" అని మళ్లీ భూతద్దం పెట్టాడు. భుజాలు కదిలిపోతున్నాయి. నేను వంటగదిలోకి వెళ్లి నిలబడ్డాను. నన్ను నాలుగు తిట్టినా, చెయ్యి చేసుకున్నా బాగుండునని ఆ క్షణంలో నిజంగా కోరుకున్నాను.

తిరిగి వచ్చేసరికి ఫిల్ము జాగ్రత్తగా చుట్టి డబ్బాలో పెడుతున్నాడు.

"తీసుకెళ్లు, నీదే అది" అన్నాను.

"వద్దు సార్, నీ తానే ఉంచు. ఇంటికి కొంచవోతే అవ్వ సూస్తది. నవ్వుకుంట ఉన్నడు గద. మల్ల ఎదురుసూసుడు మొదలువెడ్తది. ఇప్పుడు ఆమెకు డెబ్బై దాటినయ్."

ఆ మాట పూర్తవుతుండగానే అతని ఫోన్ మోగింది. రోజూ ఆ వేళకు తల్లి చేస్తుందట. ఎక్కడున్నావంటే, నోరుజారి, సినిమా సార్ ఇంట్లో ఉన్నానన్నాడు. అవతలి నుంచి ఏదో అంది. అతని ముఖం వాడిపోయింది. ఫోన్ నా వైపు చాపి, "నీతోని మాట్లాడుతదట" అన్నాడు.

ఫోన్ తీసుకున్నాను. సన్నటి గొంతు. బాగున్నావా బిడ్డా అంది. నా కొడుకుకు వాళ్ల నాయిన మొకం సూపెట్టినవట, నీ పిల్లలు సల్లగుండాలె అంది.

"నేను ఒక్కటి అడుగుత బిడ్డా. గా పిక్చర్ల ఆయినె ఇంకేడన్న ఉన్నడా? పానంతోని?"

గంగారాం డబ్బా ఒళ్లో పెట్టుకుని నా ముఖంలోకి చూస్తున్నాడు.

"లేడమ్మా" అన్నాను.

ఈసారి చూసి చెప్పాను.